పరిశుద్ధాత్మ దూషణ చేసేశానేమో అని భయం, రాత్రిళ్ళు నిద్ర లేదు. తెలిసినవాళ్ళు సూటిగా చెప్పండి

నిద్రలేని_తమ్ముడు:

అందరికీ వందనాలు. ఇంట్లో చెప్పలేక, సంఘంలో అడగలేక ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మాది పశ్చిమ గోదావరిలో ఒక పల్లె. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం, కూకట్‌పల్లిలో రూమ్. చిన్నప్పుడు లూథరన్ చర్చిలో సండే స్కూల్‌కి వెళ్ళేవాణ్ణి, తర్వాత అమ్మ పెంతెకోస్తు సంఘానికి వెళ్ళడం మొదలుపెట్టాక నేనూ అక్కడే బాప్తిస్మం తీసుకున్నాను. వేసవిలో ఊరెళ్ళినప్పుడు ఆల్ నైట్ ప్రేయర్ జరిగింది. పాస్టర్ గారు మైక్‌లో గట్టిగా భాషల్లో (పరిశుద్ధాత్మ పలికిస్తాడని నమ్మే, మనకు అర్థంకాని మాటల్లో) మాట్లాడుతుంటే పక్కన కూర్చున్న మా బాబాయి కొడుకు నవ్వు ఆపుకోలేకపోతున్నాడు, వాణ్ణి చూసి నాకూ నవ్వొచ్చింది, "ఇదంతా యాక్టింగ్‌రా" అని వాడి చెవిలో అన్నాను. అంతే. ఆ రోజు ఇంటికొచ్చి హాయిగా పడుకున్నాను కూడా.

తర్వాత ఒక రోజు యూట్యూబ్‌లో ఒక మెసేజ్ వచ్చింది. ఆత్మ కార్యాలను ఎగతాళి చేసినవాడు పరిశుద్ధాత్మను దూషించినట్టే, వాడికి ఈ యుగంలోనూ రాబోయే యుగంలోనూ క్షమాపణ లేదు, ఇక ఎంత ఏడ్చినా దేవుడు వినడు అని ఆయన చెబుతుంటే నా గుండె జారిపోయింది. మత్తయి 12 తీసి చూశాను, అక్కడ నిజంగానే అలా రాసి ఉంది.

అక్కణ్ణుంచి ఇంకో రకం నరకం మొదలైంది. ప్రార్థనకి మోకాళ్ళూనగానే పరిశుద్ధాత్మ గురించి ఒక బూతు మాట మనసులోకి వచ్చేస్తుంది. నేను అనుకోవట్లేదు, అదే వస్తుంది. వద్దు వద్దు అనుకునే కొద్దీ ఇంకా గట్టిగా వస్తుంది. మెట్రోలో, ఆఫీసులో మీటింగ్ మధ్యలో, ఆఖరికి అన్నం తినేటప్పుడు కూడా. వచ్చిన వెంటనే "యేసు రక్తమే జయం" అని మూడుసార్లు అనుకుంటాను, మధ్యలో ఎవరైనా పిలిచినా, ఒక్క అక్షరం సరిగ్గా పలకలేదనిపించినా మళ్ళీ మొదటినుంచి. రాత్రి రెండు దాకా "పరిశుద్ధాత్మ దూషణ అంటే ఏమిటి" అని కొట్టి దొరికిన ప్రతి మెసేజ్ చూస్తాను. ఒకాయన పర్లేదంటే ఓ గంట ప్రాణం కుదుటపడుతుంది, కింద కామెంట్లో ఎవరో హెబ్రీ 6 (తప్పిపోయినవాళ్ళను మళ్ళీ మారుమనస్సుకు తేవడం అసాధ్యమన్న మాట) పెడతారు, మళ్ళీ మొదటికొస్తుంది. హెబ్రీ 10:26లో "బుద్ధిపూర్వకముగా" అనే మాట చూసినప్పుడల్లా నేను అన్నది బుద్ధిపూర్వకంగానే కదా అనిపిస్తుంది. జ్యేష్ఠత్వం అమ్ముకున్న ఏశావు కన్నీళ్ళతో వెదికినా దొరకలేదని కూడా ఉంది.

బల్ల (చర్చిలో ప్రభువు జ్ఞాపకంగా ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం) తీసుకోవడం మానేశాను. ఆ చిన్న చిన్న గ్లాసుల ట్రే నా దాకా వచ్చేసరికి చేతులు వణుకుతాయి, అయోగ్యంగా తీసుకుంటే శిక్షావిధి అని 1 కొరింథీ 11లో ఉంది కదా, అందుకే పక్కవాళ్ళకి అందించేస్తాను. మొన్న ఊరెళ్ళినప్పుడు అమ్మ చూసింది. ఏమీ అడగలేదు గానీ చూసింది.

ఇంతకీ నేను అడిగేది ఒకటే. నేను ఆ పాపం చేసేసినట్టా, కాదా? "దేవుడు ప్రేమామయుడు బ్రదర్" అనొద్దు దయచేసి, అది నాకూ తెలుసు. అందరికీ క్షమాపణ ఉండి నా ఒక్కడికే లేదేమో అన్నదే నా భయం.

కువైట్_అక్క:

తమ్ముడూ, నీ పోస్ట్ డ్యూటీ మధ్యలో బాత్రూమ్‌లోకెళ్ళి చదివాను, ఏడుపొచ్చేసింది. ఇవే ఆలోచనలు నాకూ వచ్చేవి, నా ఒక్కదానికే అనుకునేదాన్ని. సలహా చెప్పేంత చదువు నాకు లేదు, పెద్దవాళ్ళు చెబుతారు. నీ కోసం ప్రార్థన చేస్తాను.

అగ్ని_అభిషేకం:

ప్రైజ్ ద లార్డ్. బ్రదర్, మీలోకి ఎగతాళి చేసే దురాత్మ ప్రవేశించింది, మీ మాటల్లోనే తెలుస్తోంది. దైవజనుణ్ణి చూసి నవ్వడం మామూలు విషయం కాదు. "నేనభిషేకించినవారిని ముట్టకూడదు" అని వాక్యం ఉంది. ముందు ఆ సేవకుడి దగ్గరికెళ్ళి కాళ్ళ మీద పడి క్షమాపణ అడగండి, 21 రోజుల ఉపవాసం ఉండండి, అప్పుడు దేవుడు కనికరిస్తాడేమో చూద్దాం. డాక్టర్లూ మందులూ అని ఎవరైనా చెబితే వినకండి, ఇది ఆత్మ సంబంధమైనది.

ప్రశ్నలెక్కువ:

వచ్చేశారండీ. "కనికరిస్తాడేమో చూద్దాం" అట, ఆ తాళాలేవో ఈయన జేబులో ఉన్నట్టు.

బ్రో, నేను చర్చి మానేసి చాలా ఏళ్ళయింది కాబట్టి నా మాట నీకు ఎంతవరకు ఎక్కుతుందో తెలియదు. కానీ పుట్టి పెరిగింది అందులోనే కాబట్టి ఒకటి చెప్పగలను. ఈ వచనాన్ని మన ఊళ్ళలో ఎప్పుడు బయటికి తీస్తారో గమనించు. కానుకల లెక్క అడిగితే తీస్తారు. స్వస్థత అయిందన్న మనిషి మళ్ళీ ఆస్పత్రిలో చేరాడేంటి అంటే తీస్తారు. ఫలానా తారీఖున జరుగుతుందన్న ప్రవచనం ఏమైందయ్యా అని అడిగితే తీస్తారు. అడిగినవాడు నోరు మూసుకోవడమే కావలసింది. అలా విసిరింది నీలాంటి మెత్తటివాడికి తగులుతుంది, మొండివాళ్ళు దులుపుకుని పోతారు. నువ్వు అన్నది ఒక మనిషి గురించి, ఆయన మైక్ వాడే పద్ధతి గురించి. దానికి ఇంత శిక్ష వేసుకుంటున్నావు.

రిటైర్డ్_అయ్యగారు:

నాయనా, చాలా ఏళ్ళు సంఘాల్లో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఇదే ప్రశ్నతో అర్ధరాత్రి తలుపు కొట్టినవాళ్ళు ఉన్నారు, అందుకని తీరిగ్గానే రాస్తాను. పైన ప్రశ్నలెక్కువ గారు చర్చి మానేశానన్నారు గానీ, ఆయన చెప్పినదాంట్లో సగం నేను పుల్పిట్ మీదనుంచి చెప్పినదే.

మార్కు 3వ అధ్యాయం మొత్తం ఒకసారి చదువు, ఆ రెండు వచనాలే పట్టుకోకు. యెరూషలేము నుంచి శాస్త్రులు వచ్చారు. అంటే ధర్మశాస్త్రం బోధించేవాళ్ళు, జనం ఎవరి మాట వింటారో వాళ్ళు. మత్తయి అయితే గుడ్డివాడూ మూగవాడూ అయిన ఒక మనిషి అప్పుడే బాగుపడ్డాడని చెబుతాడు. కళ్ళెదుట మనిషి బాగుపడితే, ఇది దేవుడి పని అని తెలుసుకోగలిగిన స్థానంలో ఉండి, జనం ఆయన వెంట వెళ్ళకుండా చేయడానికి "వీడు బయెల్జెబూలు వల్ల చేస్తున్నాడు" అన్నారు, అంటే దయ్యాల అధిపతి వల్ల అని. ఆ హెచ్చరిక వాళ్ళకి. అనుమానం ఉంటే 30వ వచనం చూడు, ఈ మాట ఎందుకు అనవలసి వచ్చిందో మార్కే చెప్పేశాడు, ఆయనకు అపవిత్రాత్మ పట్టిందని వాళ్ళు చెబుతున్నారు గనుక అని. భయంతో వణుకుతూ వచ్చినవాళ్ళతో యేసు ఈ మాట అన్న సందర్భం సువార్తల్లో ఒక్కటీ లేదు.

ఇంకో సంగతి, అదే అధ్యాయంలో 21వ వచనంలో ఆయన సొంతవాళ్ళే ఆయనకు మతి చలించిందని పట్టుకుపోవడానికి వచ్చారు. పిచ్చి పట్టిందన్నారు నాయనా, ఇంటివాళ్ళు. ఆయన తమ్ముళ్ళు కూడా ఆయన్ని నమ్మలేదని యోహాను 7లో ఉంది. ఆ తమ్ముళ్ళలో యాకోబు తర్వాత యెరూషలేము సంఘానికి స్తంభంలాంటి పెద్ద అయ్యాడు.

ఇక భాషలను ఎగతాళి చేయడం. దీనికి నా మాట అక్కర్లేదు, అపొస్తలుల కార్యములు 2 చాలు. మొట్టమొదటి పెంతెకొస్తు రోజునే, ఆ భాషలు విని కొందరు "వీరు క్రొత్త మద్యముతో నిండియున్నారు" అని అపహాస్యం చేశారు. తాగొచ్చారన్నారు! నీ "యాక్టింగ్‌రా" కంటే అది చిన్న మాటేం కాదు. దానికి పేతురు ఏం చేశాడు? నవ్వినవాళ్ళు లేచి బయటికి పొండి, మీకు క్షమాపణ లేదు అన్నాడా? ఇంకా జామెడు పొద్దయినా ఎక్కలేదు, ఇప్పుడే తాగుతారా అని తేలిగ్గా కొట్టిపారేసి, ఆ జనానికే సువార్త చెప్పి, మారుమనస్సు పొంది బాప్తిస్మం తీసుకోండన్నాడు. ఆ రోజు ఇంచుమించు 3,000 మంది చేర్చబడ్డారు. పౌలు కూడా 1 కొరింథీ 14:23లో, అందరూ భాషలతో మాట్లాడుతుంటే బయటివాడు లోపలికొచ్చి మీకు వెర్రి అనుకోడా అని సంఘాన్నే మందలించాడు, అనుకున్నవాడి మీద శాపం పెట్టలేదు.

హెబ్రీ 6, 10 అధ్యాయాలు క్రీస్తును తెలిసి తెలిసి వదిలేసి, ఆయన రక్తాన్ని అపవిత్రమని తొక్కి వెళ్ళిపోయేవాళ్ళకి రాసిన హెచ్చరిక. 10:29 దాకా చదివితే తెలుస్తుంది. నువ్వు వదల్లేక చస్తున్నావు. ఏశావు ఏడ్చింది పోయిన దీవెన కోసం, ఆదికాండము 27 తీసి చూడు. పౌలు తాను ఒకప్పుడు దూషకుణ్ణని తిమోతికి తానే రాసుకున్నాడు, పేతురు శపించుకుని ఒట్టుపెట్టుకుని ఆయన్ని ఎరుగనన్నాడు. బైబిల్లో వీళ్ళు రాసిన పత్రికలనే మనం వారం వారం చదువుకుంటున్నాం.

అగ్ని అభిషేకం గారికి ఒక్క మాట. అభిషేకించినవారిని ముట్టకూడదన్న ఆ 105వ కీర్తన అబ్రాహాము, ఇస్సాకు, యాకోబుల గురించి. దేశం కాని దేశంలో కొద్దిమందిగా తిరుగుతున్నవాళ్ళను రాజులు హాని చేయకుండా దేవుడు ఆపిన సంగతి అది. మైక్ పట్టుకున్నవాణ్ణి ప్రశ్నించకూడదని అందులో ఎక్కడా లేదు. "సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుడి" అన్నది కూడా వాక్యమేనండీ.

నిద్రలేని_తమ్ముడు:

అయ్యగారూ, వందనాలు. అపొస్తలుల కార్యాల్లో ఆ సంగతి నేను ఎన్నిసార్లు చదివినా ఇలా తట్టలేదు. పొద్దున మీ పోస్ట్ చదివాక చాలా రోజుల తర్వాత కడుపు నిండా తిన్నాను.

కానీ సాయంత్రానికి ఇంకో అనుమానం వచ్చింది. ఆ ఎగతాళి చేసినవాళ్ళు అప్పటికి విశ్వాసులు కారు కదా? నేను బాప్తిస్మం తీసుకున్నవాణ్ణి. తెలిసి అన్నట్టు కదా. పేతురు కూడా ఆత్మ రాకముందే బొంకాడు. ఆ బూతు ఆలోచనల సంగతి కూడా మీరు చెప్పలేదు, అవి నావే అయితే? నిన్న రాత్రి ఒకసారి అది వచ్చినప్పుడు నేను వెంటనే కాదనలేదు, ఒక్క సెకను ఆలస్యమైంది. ఆ సెకనులో ఒప్పుకున్నట్టేమో అని.

వార్డ్_సిస్టర్:

ఇక్కడ అందరూ ఒక్క నిమిషం ఆగండి. అయ్యగారూ, మీరు రాసింది బంగారం లాంటి మాట, నాకే ఆదరణగా ఉంది. కానీ ఈ కొత్త ప్రశ్నకి మీరు జవాబివ్వొద్దని బతిమాలుకుంటున్నాను. ఎందుకో చెబుతాను.

నేను డాక్టర్ని కాను, మానసిక రోగుల వార్డులో నర్సుగా చాలా కాలం పనిచేశాను, విశ్వాసిని కూడా. తమ్ముడూ, నీకు రోగం పేరు పెట్టేది నేను కాదు, కానీ నువ్వు రాసిన తీరు, ఆ మూడుసార్లు లెక్క, అక్షరం తప్పితే మళ్ళీ మొదలు, ఆ ఒక్క సెకను ఆలస్యం గురించి పోస్టుమార్టం, ఇదంతా ఓసీడీలో (అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్ అనే మానసిక జబ్బులో) మేము చూసేదే. ఓసీడీ అంటే చేతులు కడుక్కోవడమే అనుకుంటారు మనవాళ్ళు. మతం మీద పడే రకం ఒకటుంది, దేవుడంటే ప్రాణం పెట్టేవాళ్ళకే వస్తుంది. ముస్లింలలో వుజూ (నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కోవడం) సరిగ్గా అయిందా లేదా అని పదే పదే కడిగేవాళ్ళను చూశాను, మంత్రంలో అక్షరం తప్పిందని పూజ మళ్ళీ మొదలుపెట్టే హిందువులను చూశాను. పసిబిడ్డ తల్లికి బిడ్డను కింద పడేస్తానేమో అన్న ఆలోచన వచ్చి వణికిపోతుంది. ఎవరికి ఏది ఎక్కువ ప్రియమో అక్కడే పట్టుకుంటుంది ఇది. నీకు పరిశుద్ధాత్మ విషయంలో పట్టుకుంది.

ఇలాంటి పాడు ఆలోచనలు రాని మనిషి దాదాపు ఉండడు. 1978లో రాక్‌మన్, డిసిల్వా అని ఇద్దరు ఏ జబ్బూ లేని మామూలు మనుషులను అడిగితే వాళ్ళలో ఎక్కువమంది తమకూ ఇలాంటివి వస్తాయన్నారు, పైగా వాళ్ళ ఆలోచనలకీ ఓసీడీ ఉన్నవాళ్ళ ఆలోచనలకీ విషయంలో పెద్ద తేడా కనిపించలేదు. మిగతావాళ్ళు "ఛీ, ఇదేంటి" అనుకుని పనిలో పడిపోతారు. నీలాంటివాళ్ళు ఆగి దాన్ని విచారణ చేస్తారు. ఎవరు పంపారు, నేను ఒప్పుకున్నానా, ఎంతసేపు ఉంది అని. రావద్దు రావద్దు అని కాపలా కాస్తే అది ఇంకా వస్తుంది.

ఇప్పుడు అయ్యగారిని ఎందుకు ఆపానంటే, నీకు జవాబు దొరికిన ప్రతిసారీ కాసేపు హాయిగా ఉంటుంది, నువ్వే రాశావు, గంట అని. దురద పుట్టినప్పుడు గోకితే హాయిగానే ఉంటుంది, పుండు మాత్రం పెద్దదవుతుంది. అయ్యగారు రేపు బాప్తిస్మం సంగతికి కూడా మంచి జవాబిస్తారు, ఎల్లుండి నీకు ఇంకోటి తడుతుంది. లోకంలో ఉన్న పాస్టర్లందరూ సంతకం పెట్టినా "నా కేసు వేరేమో" అనే మాట మిగిలే ఉంటుంది. నీ మొదటి పోస్టులో ఆఖరి లైను అదే కదా.

దీనికి వైద్యం ఉంది, బాగానే పనిచేస్తుంది. ఒకటి మాటలతో చేసే వైద్యం. ఆలోచన వచ్చినప్పుడు దాన్ని అలా ఉండనిచ్చి, ఆ మూడుసార్లు అనడం, యూట్యూబ్ వెతకడం, ఎవరినో అడగడం, ఇవేవీ చేయకుండా కూర్చోవడం కొద్దికొద్దిగా నేర్పిస్తారు. మొదట్లో టెన్షన్ పెరుగుతుంది, తర్వాత దానంతటదే దిగుతుంది. దేవుణ్ణి తిట్టమని ఎవరూ చెప్పరు, ఆ భయం పెట్టుకోకు, నీ విశ్వాసం సంగతి మొదటే చెప్పేయ్. రెండోది మందులు. ఫ్లూఓక్సెటిన్ లాంటివి డాక్టర్ రాస్తారు. డిప్రెషన్‌కి ఇచ్చేదానికంటే దీనికి తరచుగా డోసు ఎక్కువ కావాలి, 8 నుంచి 12 వారాలు పట్టొచ్చు పూర్తిగా తెలియడానికి, అందుకని రెండు వారాలు వేసుకుని పనిచేయలేదని మానేయకూడదు.

"యేసు రక్తమే జయం" అనడం తప్పని నేను అనట్లేదు, నేనూ అంటాను. లెక్కపెట్టి, తప్పితే మళ్ళీ మొదలుపెట్టి, అనకపోతే నరకమే అన్న భయంతో అంటున్నావు చూడు, అది వేరే సంగతి.

ఉపవాసాలు ఇప్పుడు వద్దు. నిద్ర లేక, తిండి లేక ఉంటే ఇది ఇంకా ముదురుతుంది. దయ్యం వదిలిస్తామని ఎవరైనా పిలిస్తే అసలు వెళ్ళకు, దాని తర్వాత మా వార్డుకి వచ్చినవాళ్ళ పరిస్థితి చూశాను కాబట్టి చెబుతున్నాను.

ఇంకోటి సూటిగా అడుగుతున్నాను, సిగ్గుపడకుండా చెప్పు. చచ్చిపోతే బాగుండు అని గానీ, ఏమైనా చేసుకోవాలని గానీ అనిపిస్తోందా? అనిపిస్తే ఇక్కడ టైపు చేస్తూ కూర్చోకు, 14416కి ఫోన్ చెయ్యి. టెలీ మానస్ అని, కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టింది, 24 గంటలూ ఉంటుంది, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు.

ఆర్సీఎం_కుర్రాడు:

సిస్టర్ గారు చెప్పినదానికి మా వైపు నుంచి ఒకటి కలుపుతాను. మా క్యాథలిక్కుల్లో పాపసంకీర్తనం (ఫాదర్ గారి ముందు పాపాలు ఒప్పుకోవడం) ఉంది కదా, ఇలాంటివాళ్ళు వారంలో మూడుసార్లు ఫాదర్ గారి దగ్గరికి అదే పాపం పట్టుకుని వస్తారు. చెప్పింది సరిగ్గా చెప్పలేదేమో అని మళ్ళీ వస్తారు. పునీత ఇగ్నేషియస్ లొయోలా, యేసు సభ స్థాపకుడు, 1522లో స్పెయిన్‌లోని మన్రేసాలో ఉన్నప్పుడు ఆయనకీ ఇదే పట్టింది. చేసిన పాపాలన్నీ రాసుకుని మరీ ఒప్పుకున్నా మనశ్శాంతి లేదు, చచ్చిపోవాలన్నంత వరకు వెళ్ళింది, దేవుడు కనికరించేదాకా తిననని వారం రోజులు పస్తున్నాడు. అప్పుడు ఆయన గురువు ఇంకో దీక్ష ఇవ్వలేదు. ముందు ఆ ఉపవాసం మానేయమని ఆజ్ఞాపించాడు. ఆయన మానేశాడు. చివరికి పాత పాపాలు మళ్ళీ ఒప్పుకోవడం ఇక చాలని ఆయనే నిర్ణయించుకున్నాడు, బయటపడ్డాడు.

21 రోజులు అన్న అన్నగారు ఇది గమనించాలి.

తెనాలి_టీచర్:

యాత్రికుని ప్రయాణం మన చర్చి ఇళ్ళల్లో చాలామందికి తెలుసు. అది రాసిన జాన్ బన్యన్ ఇంగ్లండ్‌లోని బెడ్‌ఫర్డ్ దగ్గర గిన్నెలకు మాట్లు వేసుకునే మనిషి. ఆయన జైల్లో ఉండగా 1666లో వచ్చిన ఆత్మకథలో అచ్చం ఈ తమ్ముడి కథే ఉంది. "క్రీస్తును అమ్మెయ్, అమ్మెయ్" అన్న మాట దాదాపు ఏడాది పాటు ఆయన మనసులో రాత్రీ పగలూ తిరిగింది. అమ్మను, అమ్మను, వేల లోకాలిచ్చినా అమ్మను అని జవాబిస్తూ చేతులతో మోచేతులతో తోసేసేవాడట. ఒక రోజు పొద్దున్న మంచంలో ఉండగా, పోరాడి పోరాడి అలసిపోయి, "పోతే పోనీ" అన్న ఆలోచన వచ్చింది. ఇంకేముంది, ఏశావులాగా అమ్మేశాననుకుని ఇంకో రెండేళ్ళకు పైగా కుమిలిపోయాడు. తమ్ముడి ఒక్క సెకను ఆలస్యం చదవగానే నాకు ఇదే గుర్తొచ్చింది.

నాకు బాగా నచ్చిన భాగం వేరే ఉంది. ఆయన ఒక వృద్ధ విశ్వాసి దగ్గరికెళ్ళి, నేను పరిశుద్ధాత్మకు విరోధమైన పాపం చేశాననుకుంటున్నాను అంటే, ఆ పెద్దాయన "నాకూ అలాగే అనిపిస్తోంది" అన్నాడు! బన్యన్ ఆయనతో ఇంకాస్త మాట్లాడి చూసి, ఈయన మంచివాడే గానీ ఈయనకి సాతానుతో పోరాటం సంగతి అంతగా తెలియదు అని రాసుకున్నాడు. అడిగిన ప్రతివాడి మాటా పట్టుకుంటే ఇలాంటి పెద్దమనుషులు కూడా తగులుతారు, ఈ పేజీలోనే ఒకరు తగిలారు.

ప్రశ్నలెక్కువ:

ఆ పెద్దాయన కూడా 21 రోజులు చెప్పాడా టీచర్ గారూ?

అగ్ని_అభిషేకం:

మీరు వెక్కిరించండి, నేను నా బాధ్యత చెప్పాను. మా చిన్నాన్నకి మందులు వాడినా తగ్గలేదు, ప్రార్థనతోనే తగ్గింది, ఆ సాక్ష్యంతో అన్నాను. తమ్ముణ్ణి భయపెట్టాలని కాదు.

వార్డ్_సిస్టర్:

మీ చిన్నాన్న గారు బాగుపడినందుకు సంతోషం అండీ, నిజంగానే. ప్రార్థన చేయొద్దని నేను అనలేదు. మందులు వద్దని తెలియని మనిషికి చెప్పొద్దంటున్నాను.

నిద్రలేని_తమ్ముడు:

సిస్టర్, చచ్చిపోవాలని లేదు. చస్తే నేరుగా నరకమే కదా అని ఆ ఆలోచన కూడా భయమే నాకు. బన్యన్ సంగతి చదివి చాలాసేపు అలా కూర్చున్నాను, 350 ఏళ్ళ కిందట ఒకాయనకి నా బుర్రలో ఉన్నదే ఉందంటే నమ్మబుద్ధి కావట్లేదు.

ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి మా రూమ్‌కి దగ్గరే, కానీ ఎర్రగడ్డ అంటే మా ఆఫీసులో జోకులు తెలుసు కదా. ఎవరైనా చూస్తే? సైకాలజిస్ట్ దగ్గరికెళ్తే సరిపోతుందా, సైకియాట్రిస్టే కావాలా? ఇంకా ఒక్కటి, ఒక్కటే అడుగుతాను, వచ్చే ఆదివారం బల్ల తీసుకోవచ్చా? నాది నిజంగా ఓసీడీయే అయితే సరే, కానీ ఒకవేళ ఓసీడీ కాకుండా నిజంగానే ఆ పాపం అయ్యుంటే, అప్పుడు తీసుకుంటే ఇంకా

వార్డ్_సిస్టర్:

వాక్యం మధ్యలో ఆపేశావు, మంచి పని చేశావు.

ఆ చివరి ప్రశ్నకి నేను జవాబివ్వను తమ్ముడూ, నీ మీద కోపంతో కాదు. మొదటి రెండింటికి ఇస్తాను. ఎర్రగడ్డకి వెళ్ళేవాళ్ళలో నీలాగా ఉద్యోగాలు చేసుకుంటూ ఓపీకి వచ్చి మందులు తీసుకుని వెళ్ళేవాళ్ళు ఎంతమందో ఉంటారు. అక్కడికి వెళ్ళడం ఇష్టం లేకపోతే ఏ పెద్దాస్పత్రిలోనైనా సైకియాట్రీ ఓపీ ఉంటుంది. ముందు సైకియాట్రిస్టును కలువు, మాటల వైద్యం ఎవరు చేయాలో ఆయనే పంపిస్తారు. పంపినచోట ఓసీడీకి ఎక్స్‌పోజర్ థెరపీ (నేను పైన చెప్పిన మాటల వైద్యం) చేస్తారా అని అడుగు, చేయకపోతే ఇంకొకరిని చూపించమను. ఇక్కడ మొదట రాసిన పోస్టు ఉంది కదా, దాన్నే ప్రింట్ తీసి డాక్టర్ ముందు పెట్టు. నోటితో చెప్పడానికి సిగ్గుగా ఉంటుంది, ఆ మూడుసార్ల సంగతి దాచేస్తావు నువ్వు.

రిటైర్డ్_అయ్యగారు:

సిస్టర్ గారి మాటకి కట్టుబడి వాక్యం జోలికి పోను. బల్ల సంగతి మాత్రం సంఘ క్రమం కాబట్టి ఒకే ఒక్కసారి చెబుతాను, మళ్ళీ అడిగితే చెప్పను. ట్రే వస్తే తీసుకో. వణుకుతూనే తీసుకో. తీసుకున్నాక ఇంటికొచ్చి, సరిగ్గా తీసుకున్నానా అని ఫోన్ తీయకు. కొరింథులో పౌలు కోప్పడింది పేదవాళ్ళను ఆకలితో ఉంచి ముందే తిని తాగినవాళ్ళ మీద.

మీ అమ్మగారికి చెప్పు నాయనా. ఆమె చూసిందన్నావు, ఆమెకి నీకంటే ఎక్కువ నిద్ర ఉండదు ఈపాటికి. వివరాలన్నీ అక్కర్లేదు, ఆ మాటలు కూడా చెప్పక్కర్లేదు. మనసు బాగోలేదు, డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాను అని చెబితే చాలు.

నిద్రలేని_తమ్ముడు:

అమ్మకి ఫోన్ చేశాను. శనివారం ట్రైన్‌కి వస్తానంటోంది. మందులు వద్దంటుందేమో అనుకున్నా, మా పెద్దమ్మకి కూడా పెళ్ళికి ముందు ఇలాగే ఉండేదట, చేతులు కాదు గానీ తలుపు గడియ పెట్టామా లేదా అని రాత్రంతా లేచేదట, ఎవరికీ చెప్పలేదు ఇన్నాళ్ళూ. సోమవారానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. పోస్టు ప్రింట్ తీశాను.

ఇంకో ప్రశ్న టైప్ చేసి డిలీట్ చేశాను.

వార్డ్_సిస్టర్:

డిలీట్ చేసినదాన్ని మళ్ళీ ఇంకోచోట అడగకు. సోమవారం వెళ్ళొచ్చాక డాక్టర్ ఏం రాశారో, డోసు ఎంతో ఇక్కడ పెట్టొద్దు, ఎప్పుడు మళ్ళీ రమ్మన్నారో మాత్రం చెప్పు. ఆ రోజు గుర్తు చేస్తాను.